స్కూబా చేసిన రోజే శంషాబాద్ విమానం ఎక్కవచ్చా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):
సంక్రాంతి సెలవులకు నేను, మా ఆవిడ, పద్నాలుగేళ్ల మా అబ్బాయి అండమాన్ వెళ్తున్నాము. వండూర్‌లోని మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కు దీవుల్లో ఒక రాత్రి టెంటు వేసుకుని ఉండాలనీ, చివరి రోజు ఉదయం ఆరింటికే హావ్‌లాక్ దీవిలో స్కూబా (గాలి సిలిండరుతో నీటి అడుగున ఈదడం) ముగించుకుని, ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ చేరి, మధ్యాహ్నం విమానం ఎక్కాలనీ అనుకున్నాము. ఇది కుదురుతుందా?

మొదటి సమాధానం:
దయచేసి ఆ క్రమం మార్చుకోండి. నీటి అడుగున ఎక్కువ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరిగి ఉంటుంది. విమానంలో ఒత్తిడి తగ్గగానే, గోలీ నొక్కిన సోడా పొంగినట్టు, అది ఒంట్లోనే బుడగలు కట్టవచ్చు. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, రెండు మూడుసార్లు దిగితే 18 గంటలు ఆగాలన్నది డైవర్లు పాటించే నియమం. కాబట్టి ముందు హావ్‌లాక్ వెళ్లి స్కూబా పూర్తి చేసుకుని, వండూర్‌ను చివరికి పెట్టుకోండి.

1983లో ఏర్పడిన ఆ పార్కు దీవుల్లో రాత్రి బసకు అనుమతి లేదు. జనవరిలో జాలీ బాయ్ దీవికి పగటిపూట పడవలో తీసుకెళ్లి తీసుకొస్తారు, ప్లాస్టిక్ సీసాలను వెంట రానివ్వరు, సోమవారం సెలవు. టెంటు మీద అంత మనసుంటే హావ్‌లాక్‌లో రిసార్టు ఆవరణలో వేసుకోండి గానీ, ఏకాంతంగా ఉంది కదా అని ఏదో ఒక తీరాన వద్దు. అక్కడి ఉప్పునీటి మొసళ్లు కట్టుకథ కాదు, 2010లో హావ్‌లాక్‌లోని రాధానగర్ తీరానికి దగ్గర్లోనే ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు.

రెండో సమాధానం:
అబ్బాయికి జలుబు ఉంటే ఆ రోజు దించకండి. నేను రెండేళ్ల క్రితం, డబ్బు కట్టేశాము కదా అని, ముక్కు దిబ్బడను శిక్షకుడికి చెప్పకుండా దిగాను. మూడు నాలుగు మీటర్లకే కుడి చెవిలో సూది దించినట్టు పోటు మొదలైంది, ముక్కు మూసి ఎంత ఊదినా చెవి తెరుచుకోలేదు. పైకి వచ్చాక మాస్కులో పలచగా నెత్తురు కనిపించింది. జలుబు లేకపోయినా, నొప్పి వచ్చాక కాకుండా ప్రతి అడుగుకూ ముందుగానే ముక్కు పట్టుకుని మెల్లగా ఊదడం ఇంట్లోనే అలవాటు చేయించండి. ఆస్తమా గానీ చెవి ఆపరేషన్ గానీ ఉంటే బయలుదేరకముందే డాక్టరును అడగండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా అబ్బాయికి చిన్నప్పుడు ఆస్తమా ఉండేది, ఈ శనివారమే డాక్టరు దగ్గరకు తీసుకెళ్తాను. హావ్‌లాక్‌ను ముందుకు జరిపి, విమానానికి ముందురోజు వండూర్ పెట్టుకున్నాము.