పర్షియన్ పిల్లికూనకు పల్చటి విరేచనాలు: కొత్త ఇంటికి ఎప్పుడు పంపొచ్చు?

నాలుగు పర్షియన్ కూనలు, పదకొండో వారం. తల్లిపాలు మానేశాయి. నానబెట్టిన క్యాట్ ఫుడ్ గింజల నుంచి పొడి గింజలకు మారుస్తున్నాం, పొడివి పావు వంతుతో మొదలుపెట్టి నెమ్మదిగా. సగానికి వచ్చేసరికి ఒక్కదానికే విరేచనం పల్చబడింది. హుషారుగానే ఉంది, తింటోంది, కానీ రోజుకు 10–15 గ్రాములు పెరగాల్సిన బరువు కదలడం లేదు. అదే ఎక్కువ భయంగా ఉంది.

నులిపురుగుల మందు పైరాంటెల్ పట్టించాం, కానీ పేగుల్లో చేరే సూక్ష్మ పరాన్నజీవులు జియార్డియా, కాక్సిడియాలకు అది పనిచేయదు. జియార్డియా రోజూ మలంలో కనబడదు కాబట్టి మూడు వేర్వేరు రోజుల నమూనాలు ఇవ్వాలా, లేక ఒక్క నమూనాతో యాంటిజెన్ పరీక్ష (మలంలో ఆ పరాన్నజీవి ప్రోటీన్లను పట్టేది) చాలా? మిగతా మూడింటికీ చేయించాలా? దాని మలవిసర్జన ట్రే వేరు చేశాం, రోజూ మరిగే నీళ్లతో కడుగుతున్నాం.

పన్నెండో వారం టీకా వాయిదా వేయాలా? విరేచనం గట్టిపడ్డాక ఎన్నాళ్లు ఆగి కొత్తవాళ్లకు అప్పగించాలి? ఇల్లు మారిన ఒత్తిడికి అది తిరగబెడుతుందేమో. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.