మెదడు లేని గ్రహాంతర బుద్ధిని ఎలా గుర్తుపడతాం?

గుంటూరు బ్రాడీపేటలో పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను. గ్రహాంతర జీవిని గీయమంటే అందరూ పెద్ద తల, రెండు కళ్లే గీశారు! ఆక్టోపస్ నాడీకణాల్లో దాదాపు మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయని చెప్పాను. స్లైమ్ మోల్డ్ అనే మెదడు లేని ఏకకణ జీవి ఓట్స్ పలుకుల మధ్య టోక్యో రైలు మార్గాలను పోలిన అల్లిక అల్లిందన్న 2010 నాటి ప్రయోగం గురించీ చెప్పాను. అప్పుడొక అమ్మాయి, "మైనస్ 179 డిగ్రీల చలి ఉండే శని ఉపగ్రహం టైటాన్ మీద ఒక్క ఆలోచనకు వందేళ్లు పట్టే జీవి ఉంటే, అది ఆలోచిస్తోందని మనకెలా తెలుస్తుంది సార్?" అని అడిగింది. చలిలో రసాయన చర్యలు నెమ్మదిస్తాయి కాబట్టి కొట్టిపారేసే ప్రశ్న కాదు. రేడియో సంకేతాలకు చెవి ఒగ్గితే ఇలాంటిది దొరకదు. మరి దేన్ని చూసి బుద్ధి అనాలి? జీవశాస్త్రం తెలిసినవారు దయచేసి వివరించండి. సోమవారం జవాబు చెప్పాలి, ఆ అమ్మాయి వదిలే రకం కాదు.