గొర్రె నెమరేస్తూ నిద్రపోతుందా? ఈఈజీ (మెదడు తరంగాల రికార్డింగ్) తెలిసినవాళ్లు సాయం చేయండి

అందరికీ నమస్కారం. మాది కర్నూలు, జువాలజీలో పీజీ చేస్తున్నాను. రోళ్లపాడు గడ్డి మైదానంలో తోడేళ్ల మధ్య బతికే కృష్ణజింకలు ఎప్పుడు, ఎలా నిద్రపోతాయో తెలుసుకోవాలని నా కోరిక.

అడవి ప్రాణుల మెదడు తరంగాలను రికార్డు చేయడం ఇప్పుడు సాధ్యమే. గాలాపగోస్‌లో ఫ్రిగేట్ పక్షుల తలపై చిన్న రికార్డర్లు పెట్టి, సముద్రం మీద ఎగిరే రోజుల్లో అవి రోజుకు సగటున 42 నిమిషాలే నిద్రపోతాయని 2016లో తేల్చారు. నన్ను మరీ పట్టుకున్నది మాత్రం నార్వేలో రెయిన్‌డీర్ అనే మంచు ప్రాంతపు జింకల మీద జరిగిన పని. నెమరేసేటప్పుడు వాటి మెదడు తరంగాలు నిద్ర తరంగాలకు దగ్గరగా ఉన్నాయట. ఎంత ఎక్కువ నెమరేస్తే, విడిగా నిద్ర అంత తక్కువ సరిపోయిందట! మన జింకా నెమరేసే జంతువే కదా.

కృష్ణజింకను పట్టుకుంటే ఆ బెదురుకే చనిపోయే ప్రమాదం ఉంది. చట్టమూ ఒప్పుకోదు, నాకూ మనసొప్పదు. అందుకే మా మామ గొర్రెలతో మొదలుపెడదామనుకుంటున్నా, అదీ కాలేజీ అనుమతి వచ్చాకే.

పశువైద్యులు, ఈఈజీ టెక్నీషియన్లు ఉంటే చెప్పండి. నడినెత్తిన వెంట్రుకలు కత్తిరించి, చర్మం మీదే ఎలక్ట్రోడ్లు అంటించాలని ఆలోచన. దవడ ఆడుతున్నంతసేపూ కండరాల సిగ్నల్ మెదడు సిగ్నల్‌ను కప్పేస్తుంది కదా, రెండింటినీ ఎలా విడదీస్తారు? గొర్రె తల కంచెకు రుద్దుకున్నా ఊడని జిగురు, చర్మానికి హాని చేయనిది ఏదైనా ఉందా? ఇవేవీ కుదరకపోతే, మెడపట్టీలో కదలికల సెన్సర్ ఒక్కదానితో నెమరును, నిద్రను నమ్మకంగా వేరుచేయగలమా?