మిగులు ఊలుతో గుండ్రటి ఆసనం: అంచు గిన్నెలా లేస్తోంది, సాయం చేయండి

విజయనగరం ఊలుబుట్ట:
పొద్దున్నుంచీ అల్లడం, విప్పడం, మళ్ళీ అల్లడం. వేళ్ళు వాచిపోయాయి, ఇంక ఏడుపొక్కటే తక్కువ. ఇంట్లో రెండు సంచుల నిండా మిగులు ఊలు ఉంది. పిల్లల టోపీలు, స్వెట్టర్లు అల్లగా మిగిలిన ఉండలు. ఇవి అయ్యేదాకా కొత్త ఉండ ఒక్కటీ కొననని పట్టుదలగా ఉన్నాను. మా అత్తగారు కింద కూర్చుని పూజ చేసుకుంటారు, ఆవిడకి గుండ్రటి ఆసనం క్రోషియా హుక్‌తో అల్లి ఇద్దామని మొదలుపెట్టాను. ముందు చక్కగా నేలకి పరుచుకుంది. రంగు మార్చిన దగ్గర్నుంచి అంచు పైకి లేస్తోంది. చేత్తో ఒత్తితే అణుగుతుంది, వదిలితే మళ్ళీ గిన్నె. వీడియోలో చెప్పినట్టే, కుట్లు లెక్కపెట్టుకుంటూనే వేస్తున్నాను. తేడా ఎక్కడ? దయచేసి కొత్త ఊలు కొనమని మాత్రం చెప్పకండి.

బొబ్బిలి అల్లిక:
ఏ ఊలు? ఎంత లావు? హుక్ ఎన్ని మిల్లీమీటర్లు? ఏ కుట్టు? ఇవేవీ చెప్పలేదు. ఫొటో పెట్టండి.

విజయనగరం ఊలుబుట్ట:
మామూలు ఊలే అండి, అందరూ వాడేదే. హుక్ కూడా ఎప్పుడూ వాడేదే. కుట్టు డబుల్ క్రోషియా.

పొందూరు మాస్టారు:
"మామూలు ఊలు" అన్నారు కనుక ఒక మాట చెప్పాలి. బజార్లో ఊలు పేరుతో అమ్మేదాంట్లో చాలావరకు అక్రిలిక్, అంటే ప్లాస్టిక్ జాతి పోగు. గొర్రె బొచ్చుతో దానికి సంబంధం లేదు. జానెడు పోగు తెంపి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద అగ్గిపుల్లతో అంటించి చూడండి. అసలు ఊలు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీసెయ్యగానే ఆరిపోతుంది, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. అక్రిలిక్ కరిగి కారుతుంది, చల్లారాక నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. నూలు కాగితంలా మండిపోతుంది. ఏది ఏదో తెలియకుండా సంచిలోంచి చేతికందింది కలిపి అల్లితే మొదటి ఉతుకులోనే బయటపడుతుంది. వేడినీళ్ళకి ఊలు ముడుచుకుంటుంది, అక్రిలిక్ ముడుచుకోదు.

పోగు విషయంలో మా శ్రీకాకుళం జిల్లావాళ్ళ శ్రద్ధ చూడండి. మా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ పళ్ళు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి కనుక పీచంతా ఒక వరుసకి వస్తుంది. రాట్నం మీద 100 నంబరు నూలు చేత్తోనే తీస్తారు. 100 నంబరంటే ఒక పౌండు బరువు నూలులో 840 గజాల చిలపలు (నూలు కట్టలు) 100 అన్నమాట. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం. నేతలో పోగు నంబరు తెలియకుండా ఎవరూ మగ్గం ఎక్కరు. అల్లికలో మాత్రం అందరూ "మామూలు" అనేస్తారు. నాకు బాధగా ఉంటుంది.

ఆమదాలవలస అమ్మాయి:
మాస్టారూ, మీరు చెప్పింది బాగుంది గానీ ఆవిడకి ఆసనం లేస్తోంది కదా. అక్కా, తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టెతో గట్టిగా ఒత్తండి, పడుకుంటుంది.

బొబ్బిలి అల్లిక:
వద్దు. అక్రిలిక్ అయితే వేడికి చచ్చిపోతుంది. జారుడుగా, పల్చగా అయిపోతుంది, మళ్ళీ మామూలుగా రాదు.

గరివిడి పిన్ని:
అమ్మా, కంగారు పడకు. ముందు ఒకటి చెప్పు. నీ వీడియో అమెరికా వాళ్ళదా, ఇంగ్లండు వాళ్ళదా? ఇంగ్లండు వాళ్ళు డబుల్ అనేది అమెరికా వాళ్ళకి సింగిల్. అమెరికా లెక్కలో సింగిల్ అయితే 6 కుట్లతో మొదలెట్టి ప్రతి రౌండుకీ 6 పెంచాలి. డబుల్ అయితే 12తో మొదలెట్టి 12 పెంచాలి. ఈ లెక్కలో డబుల్ పొడుగు కుట్టు, సింగిల్ పొట్టి కుట్టు. పొడుగు కుట్టు వేస్తూ 6 మాత్రమే పెంచితే టోపీ అయిపోతుంది. పొట్టి కుట్టు వేస్తూ 12 పెంచితే అంచు కుచ్చిళ్ళు పడుతుంది.

ఆమదాలవలస అమ్మాయి:
పిన్నీ, మన దగ్గర అందరూ నేర్పేది అమెరికా లెక్కే.

గరివిడి పిన్ని:
అందరూ కాదమ్మా. మా బళ్ళో సిస్టరు నేర్పింది ఇంగ్లండు లెక్క. పాత పుస్తకాలు చూడు.

ఆమదాలవలస అమ్మాయి:
పాత పుస్తకాలు ఇప్పుడెవరు చూస్తున్నారు పిన్నీ? యూట్యూబే కదా.

బొబ్బిలి అల్లిక:
ఆవిడ మొదటి రౌండ్లు చదునుగా వచ్చాయన్నారు. అంటే లెక్క సరిపోయినట్టే. రంగు మార్చాకే లేచింది. కొత్త రంగు పోగు ఎంత లావుంది?

విజయనగరం ఊలుబుట్ట:
అది చంటిపిల్లల టోపీలకి తెచ్చిన గులాబీ రంగుదండి. కాస్త సన్నంగానే ఉంటుంది. దానివల్ల అంత తేడా వస్తుందా?

బొబ్బిలి అల్లిక:
అదే కారణం. సన్న పోగుకి కుట్టు ఇరుకుగా వస్తుంది. కుట్ల సంఖ్య సరిగ్గానే ఉన్నా చుట్టుకొలత చాలదు, అంచు లోపలికి లాగేస్తుంది. లావు పోగు కలిస్తే దీనికి ఎదురు, అంచు అలలుగా వస్తుంది.

మిగులు ఊలుని రంగుని బట్టి కాదు, లావుని బట్టి విడదీయాలి. ప్లాస్టిక్ స్కేలు తీసుకుని పోగుని పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఒక అంగుళం మేర చుట్టండి. చుట్లు లెక్కపెట్టండి. 12 చుట్లు పడిన ఉండ పక్కన 20 పడిన ఉండ పెట్టకూడదు. 20 పడేదాన్ని రెండు పోగులు కలిపి మళ్ళీ చుట్టి చూడండి, 14 దగ్గరికి వస్తుంది. 12 దానితో అల్లడానికి అది చాలు. ఒకే ఉండ ఉంటే లోపలి కొస, బయటి కొస రెండూ కలిపి పట్టుకుని అల్లండి.

గరివిడి పిన్ని:
ఇంకో మాట అమ్మా. రౌండు మధ్యలో ఊలు అయిపోతే ప్రాణం ఉసూరుమంటుంది. వంటింటి త్రాసులో ఉండని రౌండుకి ముందోసారి, తరవాతోసారి తూచు. తగ్గిందే ఆ రౌండు తిన్న ఊలు. తరవాతి రౌండు దానికంటే కాస్త ఎక్కువే తింటుంది. అంత లేకపోతే ఆ ఉండ మొదలుపెట్టకు.

నాగావళి ఒడ్డు:
నా దగ్గరా ఇలాగే సంచి ఉంది. చిన్న ముక్కలన్నీ కలిపి వంటింటికి మసిగుడ్డలు అల్లుదామనుకుంటున్నాను. బావుంటాయా?

పొందూరు మాస్టారు:
అక్రిలిక్‌తో అస్సలు వద్దమ్మా. వేడి గిన్నెకి కరిగి చేతికి అంటుకుంటుంది. మసిగుడ్డకి నూలు దారమే. అందుకే అంటించి చూడమన్నాను.

ఆమదాలవలస అమ్మాయి:
ఇది మాత్రం నిజం మాస్టారూ.

విజయనగరం ఊలుబుట్ట:
గులాబీ రంగు విప్పేసి రెండు పోగులతో వేశాను. రెండు రౌండ్లు అయ్యాయి, పడుకునే ఉంది. థాంక్సండి అందరికీ. అత్తగారికి హారతి వేళయింది, మళ్ళీ వస్తాను.

నాగావళి ఒడ్డు:
రెండు పోగులకి హుక్ కూడా మార్చాలా? నా దగ్గర 4 మిల్లీమీటర్లది ఒక్కటే ఉంది. ఎవరైనా చెప్పండి.