షాక్‌లో (బీపీ పడిపోయి) ఉన్న పేషెంట్‌కి శ్వాస ట్యూబ్ వేసేముందు మత్తుమందు ప్రొపోఫాల్ ఇవ్వొచ్చా?

నైట్‌డ్యూటీ_నర్స్:
ఐసీయూలో చేరి 3 నెలలైంది. మొన్న నైట్ సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) కేస్ ఒకటి, బీపీ 84/50, ఎగశ్వాస. డ్యూటీ డాక్టర్ గారు ప్రొపోఫాల్ 100 ఎంజీ లోడ్ చేయమన్నారు, చేశాను, ఇచ్చారు, ట్యూబ్ పడింది గానీ నిమిషం తిరక్కుండానే పై బీపీ 50కి వచ్చేసింది, అప్పుడు పరిగెత్తి నోరాడ్ (బీపీ పెంచే నోరాడ్రినలిన్) కలుపుతుంటే ఆంపుల్ విరవడానికి కూడా చేతులాడలేదు. తర్వాత నిలదొక్కుకున్నాడు లెండి. తప్పు మందుదా, డోసుదా?

మత్తు_పీజీ:
వరసది సిస్టర్, బీపీ మందు ముందు నడవాలి, మత్తు తర్వాత. షాక్‌లో ఉన్నవాళ్ళ బీపీ చాలావరకు ఒంట్లో ఊరే అడ్రినలిన్ మీదే నిలబడి ఉంటుంది, మత్తు ఎక్కగానే అది కాస్తా తగ్గిపోతుంది, ప్రొపోఫాల్ రక్తనాళాల్ని కూడా వదులు చేస్తుంది, పైగా వెంటిలేటర్ గాలి నెట్టేసరికి గుండెకి తిరిగొచ్చే రక్తం పడిపోతుంది. మేమైతే మత్తుకి కెటమిన్ వాడతాం, కేజీకి 0.5 నుంచి 1 ఎంజీ, అంటే మామూలు దాంట్లో సగం. కండరాల్ని కదలకుండా చేసే రోక్యురోనియం (రోక్) మాత్రం తగ్గించం, కేజీకి 1.2 ఎంజీ ఫుల్లుగా, ఎందుకంటే షాక్‌లో మందు కండరం దాకా చేరేసరికే లేటవుతుంది. కెటమిన్ అయితే బీపీ పడదనుకోకండి, బాగా అలిసిపోయిన పేషెంట్‌లో అదీ పడేస్తుంది.

పాతకాపు:
ఎటోమిడేట్ అనే మత్తుమందు మర్చిపోయారేం? బీపీ కదలదు.

మత్తు_పీజీ:
ఒక్క డోసుకే అడ్రినల్ గ్రంథిలో కార్టిసాల్ (ఒంటికి ఒత్తిడి తట్టుకునే హార్మోన్) తయారీ కొన్ని గంటలు ఆగుతుంది అన్నా, సెప్సిస్‌లో అందుకే వెనకాడతాం.

సీనియర్_సిస్టర్:
అమ్మాయీ, ఈసారి ట్యూబ్ అనే మాట వినపడగానే నోరాడ్ పంప్ ఎక్కించి లైన్‌కి తగిలించెయ్, డాక్టర్‌ని అడిగి ముందే నడిపించు, మ్యాప్ (సగటు బీపీ) 65 దాటాకే మత్తు. సెంట్రల్ లైన్ లేదని ఆగక్కర్లేదు, మోచేతి దగ్గర మంచి క్యాన్యులా ఉంటే కాసేపు నడుస్తుంది, కాకపోతే చెయ్యి చూస్తూ ఉండాలి, తెల్లబడినా వాచినా వెంటనే ఆపెయ్. ఆంపుల్ లేబుల్ కూడా చదువు, బైటార్ట్రేట్ (ఆ మందు ఉప్పు రూపం) 2 ఎంజీ అంటే అసలు నోరాడ్రినలిన్ 1 ఎంజీయే, షిఫ్ట్ హ్యాండోవర్‌లో ఇక్కడే లెక్కలు తప్పుతాయి. ఇంకోటి, కెటమిన్ 10-20 నిమిషాల్లో దిగిపోతుంది, రోక్ గంట దాకా వదలదు. కదలట్లేదు కదా అని మనం చార్ట్ రాసుకుంటుంటాం, లోపల మనిషికి మెలకువ వచ్చేసి ఉంటుంది. హార్ట్ రేట్ 130, కంటి చివర నీళ్ళు, నేను చూశాను.

నైట్‌డ్యూటీ_నర్స్:
అమ్మో మేడమ్, మా దగ్గర ఎక్స్‌రే అయ్యాకే ఫెంటానిల్ (నొప్పి తగ్గించే మందు) పంప్ పెడతారు. ఇవాళ మళ్ళీ నైటే, నోరాడ్, ఫెంటానిల్ రెండు సిరంజిలూ ముందే కలిపి లేబుల్ వేసి ఉంచుతా.