పాత ప్లేట్లు వేలంలో కొని బీరువాలో పెట్టుకుంటే తప్పా?

లక్క_పెట్టె (గుంటూరు) · ఆదివారం రాత్రి 9:40

పోయిన వారం ఆన్‌లైన్ వేలంలో ఒక లాటు నాకు తగిలింది. 42 గ్రామఫోను ప్లేట్లు, అన్నీ 78 స్పీడువే, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలం లక్క ప్లేట్లు. గుంటూరు కొత్తపేటలో ఒక రిటైర్డు టీచరుగారు నలభై ఏళ్లు కూడబెట్టినవి. ఆయన పోయాక పిల్లలు వేలంవాళ్లకు అప్పజెప్పారు. వాళ్లు మొత్తాన్ని 11 లాట్లుగా విడగొట్టారు. నాది ఏడోది. పాట 18,600 దగ్గర తెగింది, పైన 12 శాతం కమీషను. మొత్తం ఎంతయిందో మా ఆవిడకు తెలియదు, ఇక్కడ ఎవరూ లెక్క కట్టి చెప్పొద్దు.

ఎక్కువ భాగం రంగస్థల పద్యాలు. ఫొటోలు పెట్టగానే రెండు గ్రూపుల్లో ఒకటే గోల. డిజిటైజ్ చేసి అందరికీ పెట్టాలట, లేకపోతే చరిత్రను తొక్కిపెట్టినట్టేనట. సూటిగా అడుగుతున్నాను. డబ్బు నాది, ప్లేటు నాది. వింటానా, తుడిచి దాచుకుంటానా అన్నది నా ఇష్టం కాదా?

కాలవగట్టు (విజయవాడ) · 9:52

అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయిగా అండీ.

ముల్లు78 (విజయవాడ) · 10:25

యూట్యూబ్‌లో ఉన్నవన్నీ ఎవరో ఒకరు బీరువా తెరిస్తే వచ్చినవే బాబూ. చెట్టుకు కాయవు.

లక్కపెట్టె గారూ, సినిమా పాటయితే మీరు దాచుకున్నా నష్టం లేదు, వెయ్యి ప్లేట్లు బయట ఉంటాయి. స్టేజీ మీద పాడినవాళ్ల సంగతి అలా కాదు. వాళ్లు రాత్రంతా పాడింది గాల్లో కలిసిపోయింది. పది అంగుళాల ప్లేటు మీద పక్కకు మూడు నిమిషాలు, అంతే మనకు మిగిలింది. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ ప్లేటు కోసం పాడి, చివర్న తన పేరు తనే ఇంగ్లీషులో చెప్పుకుంది. మనం ఇవాళ ఆ గొంతు వింటున్నామంటే ఎవడో తన ప్లేటును పదిమందికీ వినిపించబట్టే కదా. మన బెజవాడ, గుంటూరు నాటకాలవాళ్లకు ఆ పుణ్యం కట్టుకునేవాడు లేడు. కొన్న ప్రతివాడూ లంకెబిందెల మీద పాములా కూర్చుంటున్నాడు.

ప్లేటు శాశ్వతం అనుకోకండి. మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఇంట్లోకి వచ్చింది. ప్రాణాలతో మేడ మీదికి ఎక్కాం. ప్లేట్లు కింద ఇనప బీరువా అడుగు అరలో ఉన్నాయి, 140. నీళ్లు తీశాక చూస్తే లేబుళ్లన్నీ ఊడి ఒక ముద్దగా అంటుకున్నాయి. ఏ ప్లేటు ఎవరిదో తెలియదు. నేనూ మీలాగే "తర్వాత రికార్డు చేద్దాంలే" అనుకున్నవాణ్ణే.

బ్రాడీపేట_4/14 (గుంటూరు) · 10:41

భావోద్వేగం వేరు, చట్టం వేరు. ప్లేటు కొంటే ప్లేటు మీదే హక్కు వస్తుంది, అందులో పాట మీద కాదు. 1957 కాపీరైటు చట్టం 27వ సెక్షను ప్రకారం రికార్డింగుకు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే 1960లో వచ్చిన ప్లేటుకు 2020 డిసెంబరు 31తో తీరిపోయింది. అంతటితో అయిపోలేదు, సాహిత్యానిది విడిగా లెక్క. కవి పోయాక 60 ఏళ్లు. ఘంటసాల పాడిన పుష్పవిలాపం తీసుకోండి. పద్యాలు రాసిన కరుణశ్రీగారు, మన ఏసీ కాలేజీ మాస్టారే, 1992లో పోయారు. కాబట్టి ఆ పద్యాలకు 2052 చివరిదాకా హక్కు ఉంది. లక్కపెట్టె గారు నెట్‌లో పెట్టి తీరాలనడానికి ముందు పెట్టవచ్చా అని అడగాలి.

సైడ్_బి (గుంటూరు) · 10:44

నేను ఎల్పీలవాణ్ణి, అంటే తర్వాత వచ్చిన వినైల్ ప్లేట్లవాణ్ణి, మీ లక్క గొడవ నాకు తెలియదు. కానీ ఎవరూ వినని ప్లేటుకు హక్కుదారు ఎవరైతే ఏంటి?

లక్క_పెట్టె · 10:58

లాయరుగారికి ధన్యవాదాలు.

ముల్లు గారూ, వరద బాధ నేను కాదనను. ఒక్క చిన్న మాట. లక్క ప్లేటు నీళ్లలో నానినంత మాత్రాన చావదు. లేబుల్ పోతుంది, కవరు పోతుంది, గాడిలో బురద చేరుతుంది. మెల్లగా కడిగితే పలుకుతుంది. లేబుల్ లేకపోయినా చాలా ప్లేట్ల మీద లేబుల్ అంచున ఒక నంబరు అచ్చు గుద్ది ఉంటుంది, దాన్ని బట్టి చాలావాటి ఆచూకీ పట్టుకోవచ్చు. మీరు వాటిని ఏం పెట్టి తుడిచారు?

ముల్లు78 · 11:03

ఇప్పుడు అదా ప్రశ్న?

లక్క_పెట్టె · 11:04

అదే ప్రశ్న.

ముల్లు78 · 11:15

సర్జికల్ స్పిరిట్. సహాయం చేసేవాళ్లు మందుల కిట్లు పంచారు, అందులో సీసా ఉంది. దూది మీద పోసి గుండ్రంగా తుడిచాను. దూది నల్లగా అవుతుంటే బురద వదులుతోందని సంతోషించాను. చాలా ప్లేట్లయ్యాక గానీ అనుమానం రాలేదు, వేలికి జిగురు తగిలింది. ఎండలో పెట్టి చూస్తే మెరుపు పోయి పలక రాయిలా ఉంది.

పాతసరుకు (వన్‌టౌన్) · 11:17

అయ్యయ్యో. లక్కకు స్పిరిట్ అంటే పంచదారకు నీళ్లే కదండీ. వడ్రంగులు పాలిష్ కలుపుకునేదే అలాగ. అది వినైల్‌కి పనికొస్తుంది, దీనికి కాదు.

సైడ్_బి · 11:18

నేను ఎల్పీలకు వాడేది అదే. లక్కకు వాడకూడదని నిజంగా తెలియదు.

కాలవగట్టు · 11:20

140కి 140 తుడిచేశారా?

ముల్లు78 · 11:26

పదకొండు. మిగతావి అలాగే ఉన్నాయి, ముట్టుకోవడానికి చెయ్యి రావడం లేదు. నేను మాట్లాడింది ఏమిటి, మీరు పట్టుకున్నది ఏమిటి? చూశారుగా, సంగతి దొరికితే చాలు, అసలు ప్రశ్న గాలికి. డిజిటైజ్ చెయ్యాలా వద్దా?

పాతసరుకు · 11:40

వ్యాపారస్తుడిగా నా మాట. పాత ఇనప కొట్లలో కిలోల లెక్కన పడుండే ప్లేట్లకు వేలం వచ్చాకే విలువ వచ్చింది. విలువ ఉంటేనే జనం పారేయకుండా ఉంటారు. ఫారిన్‌వాళ్లను చూడండి. బీటిల్స్ పాటలు అరవైల్లో మన దేశంలో 78 స్పీడు ప్లేట్లుగా కూడా వచ్చాయి, అప్పటికి వాళ్ల దేశాల్లో ఆ స్పీడు ఆగిపోయింది. అందుకని ఇక్కడ, కలకత్తా డమ్ డమ్ ఫ్యాక్టరీలో నొక్కిన ప్లేటంటే ఎగబడతారు. పాట వాళ్ల ఫోన్లో ఉంది, అయినా ప్లేటు కావాలి. పాటా ప్లేటూ ఒకటి కాదు. ఆ సంగతి ముల్లు గారికి ఎక్కదు.

ఒక హెచ్చరిక కూడా. ఆన్‌లైన్ వేలాల్లో అమ్మేవాడి మనిషే దొంగ పేరుతో ధర పెంచడం ఉంది. మూడు వేల నుంచి పద్దెనిమిదిన్నరకు వెళ్లిందంటే నాకు తేడాగా ఉంది.

ముల్లు78 · 11:44

మూడు వేల నుంచి మొదలైందని మీకెలా తెలుసు?

పాతసరుకు · 11:45

నేనూ పాడాను. ఐదు దగ్గర దిగిపోయాను. తొమ్మిది వేల దగ్గర ఇద్దరే మిగిలారు.

లక్క_పెట్టె · 11:59

దొంగ పాటేం కాదు. రెండో మనిషి ఎవరో నాకు తెలుసు.

ఇక డిజిటైజ్ సంగతి. ఎల్పీ ప్లేయరు మీద 78 ప్లేటు పెట్టి, ఫోను దగ్గర పెట్టి, "చరిత్రను కాపాడాం" అంటే కుదరదు. 78 గాడి వెడల్పు, దానికి అంగుళంలో వెయ్యో వంతులు మూడు ఉండే ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు ఒక వంతే. అది గాడి గోడలను పట్టుకోదు, అడుగున దొర్లుతూ చెత్తను పాడుతుంది. కీ ఇచ్చే గ్రామఫోను పెట్టె మీద అయితే స్టీలు ముల్లు పక్కకు ఒకటి మార్చాలి. ఒక పెద్దమనిషి ఇంటికి వెళ్లినప్పుడు నా కళ్లతో చూశాను, ఒకే ముల్లుతో ఎనిమిది ప్లేట్లు వేశారు, కాఫీ చల్లారేలోపు. పేరులో మాత్రం ముల్లు ఉంది.

ముల్లు78 · సోమవారం ఉదయం 6:10

ఇంటికొచ్చి మా ఆవిడ చేతి కాఫీ తాగినవాడివి, అప్పుడే చెప్పొచ్చుగా? ఇక్కడ నలుగురి ముందు చెప్పాలా?

రాత్రి నిద్ర పట్టలేదు. రెండో మనిషి తెలుసన్నావు. ఎలా తెలుసు? వేలంలో పేర్లకు నక్షత్రాలు పెడతారుగా.

లక్క_పెట్టె · 6:32

మొదటి అక్షరం, చివరి రెండంకెలు కనపడతాయి. "ము", నక్షత్రాలు, 78. ఇంకెవరుంటారు?

ముల్లు78 · 6:35

అంటే నేనని తెలిసే పాట పెంచావా?

మోడరేటర్ · 6:50

ఇద్దరూ పెద్దవాళ్లు. "నువ్వు" లోకి దిగొద్దని మనవి.

లక్క_పెట్టె · 7:05

తెలిసే పెంచాను. చెప్పేస్తున్నాను. తొమ్మిది వేల దగ్గర వదిలేద్దామనుకున్నాను, నా దగ్గర ఉన్నదీ అంతే. మీ పేరు చూశాక ఆ 42 ప్లేట్లూ ఆ స్టీలు ముల్లు కింద, ఆ దూది కింద కనపడ్డాయి. స్పిరిట్ సంగతి నిన్న రాత్రి కొత్తగా తెలియలేదు నాకు. పోయిన సంక్రాంతికి మీ అబ్బాయే చెప్పాడు. మీరు ఒప్పుకుంటారో లేదో చూద్దామని అడిగాను. పైన తొమ్మిదిన్నర వేలు మీ చేతికి పోకుండా కట్టిన డబ్బు. తప్పయితే తప్పే.

సైడ్_బి · 7:09

అమ్మో.

బ్రాడీపేట_4/14 · 7:30

ఇందులో చట్టపరంగా తప్పేమీ లేదు.

ముల్లు78 · 8:48

చట్టం సంగతి నిన్నెవరూ అడగలేదు లాయరూ.

నాకు 42 అక్కర్లేదు. ఆ లాటు ఫొటోల్లో 23వది చూడు. రఘురామయ్యగారి పద్యాల ప్లేటు. సుద్దపల్లి ఈలపాట రఘురామయ్యగారే. కవరు మీద కుడి మూల ఊదా సిరాతో చిన్న "శ్రీ", కింద తారీఖు. అది మా నాన్న చేతిరాత. ఏ ప్లేటు కొన్నా ఇంటికి వచ్చి చొక్కా విప్పకముందే కవరు మీద శ్రీ రాసేవాడు. 1988లో ఆ టీచరుగారు విని ఇస్తానని పట్టుకెళ్లారు. నేను అడగలేదు, ఆయన ఇవ్వలేదు. మంచి మనిషే, మర్చిపోయాడు. తర్వాత బుడమేరు వచ్చింది. మా నాన్నవి మిగిలింది ఆ ఒక్కటే, అదీ మా ఇంట్లో లేదు కాబట్టి మిగిలింది.

విడిగా అమ్మమని వేలంవాళ్లకు ఫోను చేశాను. లాటు విడదీయం అన్నారు. ఇక్కడ చెబితే ధర ఇంకా పెరుగుతుందని నోరు మూసుకున్నాను. నీకు చెబితే సరిపోయేదని నువ్వంటావు. వేలంలో ఉన్నదాన్ని బతిమాలి తీసుకోవడం నాకు రాదు. నువ్వు బీరువాలో పెట్టుకుంటానంటే నాకు కోపం ఎందుకొచ్చిందో అర్థమైందా? డిజిటైజ్ చేసి పెడితే కనీసం వినేవాణ్ణి.

కాలవగట్టు · 8:55

ఇచ్చెయ్యండి లక్కపెట్టె గారూ.

పాతసరుకు · 9:02

ఒక్క ప్లేటు తీస్తే మిగతా లాటు విలువ పడిపోతుంది. అయినా ఇచ్చెయ్యండి.

లక్క_పెట్టె · మధ్యాహ్నం 1:20

పొద్దున్నే చూశాను, ఇప్పటిదాకా రాయలేకపోయాను.

ప్లేటు ఉంది. బాగుంది. అంచు దగ్గర వెంట్రుకంత బీట, ఆ పక్క మొదలుపెట్టినప్పుడు నిమిషానికి 78 సార్లు టక్కుమంటుంది, రెండో పక్క ఏమీ లేదు. నేను కడిగాను, మామూలు నీళ్లతో, లేబుల్ తడవకుండా.

కవర్లు మార్చేశాను మాస్టారూ. పాత కాయితం పెళుసెక్కి పొడి రాలుతుంటుంది, అది గాడుల్లో పడితే ప్లేటుకు చేటు. అందుకని 42 ప్లేట్లకూ కొత్త తెల్ల కవర్లు వేశాను. పాతవి కట్ట కట్టి శనివారం పేపర్లతో పాటు కాటాకు వేశాను. శ్రీ చూసినట్టే గుర్తు. కొట్టువాడి గుర్తనుకున్నాను.

సైడ్_బి · 1:24

స్పిరిట్ ఒకరు, కవరు ఒకరు.

మోడరేటర్ · 1:26

సైడ్_బి, ఆ వ్యాఖ్య అవసరమా?

ముల్లు78 · 2:15

ఆ ఫొటో చిన్నదిగా ఉంది. పెద్దది చేస్తే అక్షరం చెదిరిపోతోంది. నీ దగ్గర అసలు ఫొటో ఉందా?

లక్క_పెట్టె · 2:31

అది వేలంవాళ్లు తీసింది. నేను ప్లేట్లు మాత్రమే తీశాను, కవర్లు తీయలేదు.

పేపర్లవాడికి ఇప్పుడే ఫోను చేశాను. సరుకు సంగడిగుంట గోడౌన్‌లో ఉందట, బేలు కట్టేది రేపు. పొద్దున ఏడింటికి తాళం తీస్తానన్నాడు. నేను వెళ్లి వెతుకుతాను.

ముల్లు78 · 2:33

నీకు ఊదా సిరా ఎలా ఉంటుందో తెలియదు. ఐదున్నర బస్సుకు బయలుదేరతాను.

లక్క_పెట్టె · 2:34

బస్టాండుకు బండి తెస్తాను. ప్లేటు కూడా తేనా?

ముల్లు78 · 2:50

ముందు కవరు దొరకనీ.

కాలవగట్టు · 3:05

లక్కపెట్టె గారూ, మిగతా 41 అమ్మే ఉద్దేశం ఏమైనా ఉందా?