ఎఫ్2 బంటుతో డ్రా, ఇ2 బంటుతో ఓటమి: క్వీన్ ముందు ఒంటరి బంటు కథేంటి?

నల్లబంటు_నేనే:
రెండు ఆటలు, రెండింట్లోనూ నావి నల్ల పావులు. చివరికి నాకు రాజు, ఒక బంటు మిగిలాయి. అవతలివాళ్లకు రాజు, క్వీన్. మొదటి ఆటలో నా బంటు ఎఫ్2లో, రాజు జి2లో. అతని రాజు బోర్డు అవతలి చివర ఉంది. చెక్ మీద చెక్ ఇచ్చాడు, చివరికి డ్రా. రెండో ఆటలో బంటు ఇ2లో, నా రాజు ఎఫ్2లో. తెల్ల రాజు బి7లో, క్వీన్ బి8లో, ఎత్తు అవతలామెది. ఇదీ డ్రాయే అనుకుని నింపాదిగా ఆడాను. ఆమె మాత్రం ఒక్క చెక్ కూడా వృథా చేయకుండా గెలిచేసింది. రెండు చోట్లా బంటు క్వీన్‌గా మారడానికి ఒక్క అడుగు దూరంలోనే ఉంది కదా, మరి తేడా ఎక్కడ?

ఎండ్‌గేమ్_పిచ్చి:
తేడా అంతా బంటు ఏ ఫైల్లో, అంటే ఎ నుంచి హెచ్ దాకా ఏ నిలువు వరుసలో ఉందన్న దానిలోనే ఉంది తమ్ముడూ. ముందు రెండో ఆట చూడు.

క్వీన్ ఎఫ్4 చెక్, నీ రాజు జి2. క్వీన్ ఇ3. ఇప్పుడు బంటు పోకుండా ఉండాలంటే రాజు ఎఫ్1కి రావాల్సిందే. క్వీన్ ఎఫ్3 చెక్. జి1కి పోతే బంటు పోతుంది, కాబట్టి ఇ1. అంటే నీ రాజు తన బంటుకు తనే అడ్డం నిలబడ్డాడు. ఆ ఒక్క ఎత్తు తెల్లకు ఖాళీ! చెక్ అక్కర్లేదు, బంటును కాయక్కర్లేదు. రాజు సి6కి నడుస్తాడు. నువ్వు డి2కి వస్తావు. క్వీన్ ఎఫ్2కి వచ్చి బంటును రాజుకు కట్టేస్తుంది, ఇ1కి కదలనివ్వదు. రాజు డి1. క్వీన్ డి4 చెక్, రాజు సి2, క్వీన్ ఇ3, రాజు డి1, క్వీన్ డి3 చెక్, మళ్లీ ఇ1. తెల్ల రాజు డి5. ఈసారి ఎఫ్ వైపు ఇదే తంతు. మెట్లు ఎక్కినట్టు ఒక్కో చుట్టుకు ఒక్కో అడుగు. తెల్ల రాజు డి3కో ఇ3కో చేరితే బంటు పోతుంది, ఆట అయిపోతుంది.

డి2, బి2, జి2 బంట్లకూ ఇదే పద్ధతి. చాలామంది చెక్‌లు ఇవ్వడం నేర్చుకుంటారు గానీ, ఆ చెక్‌లు దేనికో మర్చిపోతారు. చెక్ పని నీ రాజును బంటు ముందుకు నెట్టడం, అంతే. అయితే తెల్ల రాజు తన క్వీన్ దారికే అడ్డం నిలబడే స్థితులు కొన్ని ఉన్నాయి, అక్కడ ఇ2, డి2 కూడా డ్రా అవుతాయి. అరుదే, దాని గురించి టెన్షన్ పడకు.

ఇక ఎఫ్2. నీ రాజు జి1లో ఉండగా క్వీన్ జి3 చెక్ ఇస్తే అతను బంటును కాపాడాల్సిన పనే లేదు, హెచ్1లోకి దూరిపోవచ్చు. క్వీన్ ఎఫ్2 తింటే జి1, జి2, హెచ్2 అన్నీ ఆమె చేతిలోవే. నీకు కదలిక లేదు, చెక్ కూడా లేదు. స్టేల్‌మేట్, అంటే డ్రా. తినకపోతే ఎఫ్1లో కొత్త క్వీన్ పుడుతుంది. కాబట్టి తెల్లకు ఖాళీ ఎత్తు దొరకదు. సి2కి కూడా ఇంతే, అక్కడ మూల ఎ1.

ఎ2, హెచ్2 బంట్ల సంగతి వేరు. ఎ2 బంటుతో రాజు బి1లో ఉంటే, క్వీన్ బి3 చెక్, రాజు ఎ1. ఇక్కడ బంటును తినే దాకా కూడా పోదు. తెల్ల రాజు ఒక అడుగు వేస్తే చాలు, నల్లకు ఎత్తు లేదు. క్వీన్ వదలక తప్పదు, వదిలితే రాజు బయటికి వస్తాడు.

కోచ్‌గారబ్బాయి:
పైన చెప్పినదంతా తెల్ల రాజు దూరంగా ఉన్నప్పుడే సుమండీ. ఎ2, సి2 పేరు వినగానే డ్రాకు చేయి చాచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇది చూడండి: తెల్ల రాజు సి4, క్వీన్ ఇ2. నల్ల రాజు బి1, బంటు ఎ2. ఎత్తు తెల్లది. రాజును బి3లో పెట్టండి, బంటును పోనివ్వండి! ఎ1లో క్వీన్ వస్తే క్వీన్ డి1, మేట్. రాజు ఎ1కి పోయినా, సి1కి పోయినా క్వీన్ ఇ1, మేట్. ఎ1లో క్వీన్ బదులు గుర్రాన్ని తెచ్చుకుని చెక్ ఇస్తే తెల్ల రాజు సి3. అదీ తెల్ల గెలుపే.

ఎఫ్2 విషయంలో ఇంకోటి. నల్ల రాజు ఇ వైపు ఉంటే మూలకు పోయే దారి సులువు కాదు. క్వీన్ జి2, జి3 గడుల నుంచి అడ్డుకుంటుంది. అయినా తెల్ల రాజు కాస్త దగ్గర్లో ఉండాలి. ఎంత దగ్గరో టేబుల్‌బేస్‌లో (కొద్ది పావుల స్థితులన్నిటికీ ఫలితం ముందే లెక్కగట్టి పెట్టిన కంప్యూటర్ పట్టికలో) ఒక్కో గడీ మార్చి చూడండి. నాలుగు పావులే కాబట్టి జవాబు వెంటనే వస్తుంది, కచ్చితంగానూ వస్తుంది.

నల్లబంటు_నేనే:
అర్థమైంది అన్నా, కోచ్‌గారికీ థాంక్స్. మొదటి ఆటలో ఒక సంగతి చెప్పడం మర్చిపోయాను. నా బంటు ఎఫ్3లో ఉన్నప్పుడు నాకు ఎ5లో ఇంకో బంటు ఉండేది. అతను క్వీన్‌తో దాన్ని తినేశాడు, నేను ఎఫ్2కి తోశాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఎండ్‌గేమ్_పిచ్చి:
ఉండటమేంటి, అసలు ఆట అక్కడే పోయింది! ఎఫ్3 బంటు ఇంకో అడుగు వెనక ఉంది, అప్పుడు మామూలుగా తెల్లదే గెలుపు. ఫైల్ ఏదైనా క్వీన్‌కు దాని ముందుకు రావడానికి టైమ్ దొరుకుతుంది. ఆ టైమ్‌ను అతను ఎ5 మీద ఖర్చు పెట్టాడు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఎ5 బంటు బతికి ఉంటే, నువ్వు హెచ్1లో కూర్చున్నా అతను ఎఫ్2 హాయిగా తినేసేవాడు. నీకు ఎ4 అనే ఎత్తు ఉంది కాబట్టి అది స్టేల్‌మేట్ కాదు. ఆ తర్వాత క్వీన్‌కు ఎ బంటు ఒక లెక్కా?

ఇలాంటి స్థితిలో నల్లగా ఆడేటప్పుడు మిగతా బంట్లను ఎలా వదిలించుకోవాలా అని చూడాలి. తెల్లగా ఆడితే వాటిని ముట్టుకోకూడదు. బంట్ల పరుగు మొదలయ్యే ముందే ఈ లెక్క వేసుకో: నాకు క్వీన్ వచ్చే ఎత్తుకు అతని బంటు ఏ గడిలో ఉంటుంది, ఎత్తు ఎవరిది, అతనికి వేరే బంటు ఉందా. ఇ లేదా జి ఫైల్ అయితే పరిగెత్తు. ఎఫ్ లేదా హెచ్ అయి రెండో వరుసకు చేరేలా ఉంటే, పరుగు ఆపి ముందు రాజుతో ఆ బంటు వైపు నడువు.